రాయి వెనకవైపు: లండన్ అమరావతి, మద్రాసు అమరావతి

బ్రిటిష్ మ్యూజియంలో నాలుగడుగుల ఎత్తున్న అమరావతి ఫలకం ఒకటుంది. ముందువైపు స్తూపం బొమ్మ. గుమ్మటంలాంటి అండం, దాని చుట్టూ వేదిక, గుమ్మం దగ్గర సింహాలు, పైన గాలిలో తేలి వస్తున్న దేవతలు. మహాస్తూపం నిండుగా ఉన్న రోజుల్లో ఎలా ఉండేదో ఊహించడానికి పండితులందరూ ఇప్పటికీ ఆశ్రయించేది ఇలాంటి ఫలకాలనే. ఆ రాతినే వెనక్కి తిప్పితే వేరే కాలం కనిపిస్తుంది. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన మనుషులు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని రోజుల పని అది. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో ఎవరో చెక్కి నిలిపిన రాతిని, మూడు నాలుగు వందల ఏళ్ల తరవాత వచ్చిన శిల్పులు ఊడదీసి, తిప్పి, రెండోవైపు కొత్తగా చెక్కుకున్నారు. క్యూరేటర్ అనే మనిషి ఎందుకు కావాలో, ఆ మనిషికి ఏమేం వచ్చి ఉండాలో చెప్పమంటే నేను ఈ రాతి దగ్గరే మొదలుపెడతాను.

ఈ మధ్య ఆ మాట బాగా పలచబడింది. విందులో వంటకాలు ఎంచినవారూ, పాటల జాబితా పేర్చినవారూ క్యూరేట్ చేశామంటున్నారు. ఎంచడం ఆ పనిలో ఒక ముక్క, అదీ చివర వచ్చే ముక్క. లాటిన్‌లో ఆ మాటకు మూలం సంరక్షణ. మనకు అంతకన్నా మంచి మాట ఉంది: కనిపెట్టుకుని ఉండటం. మంచాన పడ్డ పెద్దవాళ్లనూ, పాకే పిల్లలనూ, కోతకొచ్చిన చేనునూ కనిపెట్టుకుని ఉంటాం. అదే క్రియను కాస్త కురచ చేస్తే కనిపెట్టడం అవుతుంది, తెలియనిదాన్ని తెలుసుకోవడం. క్యూరేటర్‌కు ఈ రెండూ చేతనవ్వాలి. ఒకే స్తూపం రాళ్లను తరతరాలుగా దగ్గర పెట్టుకున్న రెండు మ్యూజియంలు, లండన్‌దీ మద్రాసుదీ, వీటిలో ఏది చేశాయో, ఏది చేయకుండా వదిలేశాయో పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది.

రాళ్లు విడిపోయిన కథ ముందు కొంచెం చెప్పుకోవాలి. 18వ శతాబ్దం చివర చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన ఠాణాను అమరావతికి మార్చి, కొత్త ఊరు కట్టిస్తూ రాయి కోసం దీపాలదిన్నె అని పిలిచే స్తూపపు దిబ్బను తవ్వించాడు. ఆ కబురు విని కల్నల్ కోలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి, చిత్రకారులతో ఒక్కొక్క రాతినీ గీయించాడు. తరవాత మచిలీపట్నం కలెక్టరు రాబర్ట్‌సన్ కొన్నిటిని తీసుకెళ్లి అక్కడి కొత్త బజారుకు అలంకారంగా నిలిపాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. 1858లో లినియస్ ట్రైప్ వాటికి ఫోటోలు తీశాడు. మరుసటి ఏడాది 121 ముక్కలను ఓడకెక్కించారు. లండన్‌లోనూ వాటికి వెంటనే చోటు దొరకలేదు. 1867లో వాస్తుచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ కంటబడే నాటికి అవి గుర్రపుబళ్ల కొట్టంలో ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియం చేతికి వచ్చింది 1880లో.

అంటే రెండు ఊళ్లలోనూ మొదటి అధ్యాయం నిర్లక్ష్యమే. లండన్‌లో భద్రంగా ఉన్నాయి, మనదగ్గర పాడయ్యాయి అని తేలిగ్గా అనేసేవారు ఈ బళ్లకొట్టం సంగతి గుర్తుంచుకోవాలి. లండన్ బొగ్గుపొగ సున్నపురాతికి ప్రాణాంతకం. పొగలోని గంధకం తేమతో కలిసి రాతి మీద జిప్సం పెచ్చు కట్టిస్తుంది, పెచ్చు ఊడినప్పుడు ముక్కూ చెవీ దానితోనే రాలిపోతాయి. మ్యూజియం మెట్లదారిలో నిలిపిన శిల్పాలను చివరికి అక్కణ్ణుంచి దించి, దశాబ్దాలపాటు నేలమాళిగలో ఉంచాల్సి వచ్చింది. అవి మళ్లీ జనం కంటబడింది 1992లో, జపాన్ పత్రిక ఆసాహి షింబున్ డబ్బుతో కట్టిన ప్రత్యేక గదిలో. ఆ గదికి అద్దాల అడ్డుగోడ ఉంది. లోపలి గాలిలో తేమ ఎంత ఉండాలో లెక్కకట్టి అంతే ఉంచుతారు. పాలనాటి సున్నపురాయి గట్టిగా కనిపిస్తుంది గానీ, గాలి మారితే జబ్బుపడే రకం. అది తెలిసినవారు కట్టిన గది అది.

అక్కడ నన్ను బాగా ఆకట్టుకున్నది అమరిక. స్తూపపు వేదిక అంటే రాతి కంచె. నిలువు స్తంభాలు, వాటి మధ్య మూడేసి అడ్డసూచులు, పైన ఉష్ణీషం అనే కప్పురాయి. పండితుల అంచనాలో మొత్తం కంచెకు 136 స్తంభాలు, 348 సూచులు. కంచె బయటి ముఖాన పూర్తిగా విచ్చిన పద్మాలు, పైన పొడవాటి పూదండను మోసుకుపోతున్న మనుషులు. లోపలికి అడుగుపెట్టి ప్రదక్షిణ మొదలెట్టినవారికి మాత్రం కథలు, జాతకాలు, బుద్ధుడి జీవితం. బయట తామరలు చూస్తూ వచ్చిన యాత్రికుడు గుమ్మం దాటగానే కథలో పడతాడు. ఈ తేడా తెలియని మనిషి ఆ ముక్కలను పేరిస్తే అందమైన రాళ్ల వరుస అవుతుంది, అంతే. లండన్ గదిలో స్తంభాన్ని స్తంభంగా, సూచిని సూచిగా, కప్పురాతిని పైన నిలిపారు. తలెత్తి చూడాల్సింది తలెత్తి చూస్తాం, వంగి చూడాల్సింది వంగి చూస్తాం. క్యూరేటర్ నేర్పు చూపరి మెడలో తెలియాలని నేనంటాను. చీటీ చదవని పిల్లవాడికి కూడా అది అందుతుంది.

కాకపోతే ఆ గదిలో నడక తిన్నగా సాగుతుంది. ఒక తలుపున వెళ్లి, పొడుగునా నడిచి, వెనక్కి వస్తాం. స్తూపం దగ్గర మనిషి కుడిభుజాన్ని స్తూపం వైపు ఉంచి చుట్టూ తిరుగుతాడు, పొద్దు కూడా తిరుగుతుంది. తూర్పు ముఖం ఉదయం వెలుగుతుంది, పడమటి ముఖం సాయంత్రం. అమరావతి శిల్పం లోతు తక్కువ, జనం ఎక్కువ. రెండు మూడంగుళాల మందంలో నాలుగు వరసల మనుషులు ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగిచూస్తారు. ఎదురుగా వెలుగు పడితే ఆ వరసలన్నీ ఒకటై చదునుగా కనిపిస్తాయి, పక్క నుంచి ఏటవాలుగా పడితేనే వెనక వరసలో మనిషి బయటికొస్తాడు. దీపాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఎలక్ట్రీషియన్‌కు వదిలే విషయం కాదు. దాన్ని తేల్చడానికి ఆ రాతి ముందు గంటల తరబడి నిలబడిన కన్ను కావాలి. ఎంత మంచి గదైనా పొద్దును తేలేదు. ఆ లోటు ఉందని చూపరికి చెప్పనన్నా చెప్పాలి.

ఇక మద్రాసు. ఎగ్మూరు మ్యూజియాన్ని ఆ ఊరి జనం వెనకటికి చచ్చిన కాలేజీ అనీ, జంతువులశాలను బతికిన కాలేజీ అనీ పిలిచేవారు. బతికిన కాలేజీ పుట్టింది కూడా మ్యూజియం ఆవరణలోనే, తొలి అధికారి డాక్టర్ ఎడ్వర్డ్ బాల్ఫర్ చలవతో. అమరావతి రాళ్లు లండన్‌లో కన్నా ఇక్కడే ఎక్కువున్నాయి. నాలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసే పతకం ఇక్కడిదే. ఒకే గుండ్రంలో రెండు ఘడియల కథ అది. ఒకపక్క వీధిలో జనాన్ని తొక్కుతూ మదమెక్కిన ఏనుగు, మరోపక్క అదే ఏనుగు మోకాళ్ల మీద. మేడ మీద నుంచి చూస్తున్న ఆడవాళ్ల భయం, కిందివాళ్ల పరుగు, ఒక్కసారిగా నిలిచిన కదలిక. తెలుగు నేల మీద ఇంతకన్నా గొప్ప కథనం రాతిలో ఎక్కడైనా జరిగిందేమో నాకు తెలియదు. ఆ రాతి ముందు నేను మూడుసార్లు నిలబడ్డాను. మూడుసార్లూ ఏనుగు కన్నా ముందు జనమే కనిపించారు.

ఆ గదిలో నేను చూసినప్పుడు చాలా ఫలకాలు గోడలో ఉన్నాయి. గోడకు ఆనించి కాదు, గోడలోనే. 1880ల్లో, డాక్టర్ జార్జ్ బిడీ మ్యూజియం చూసుకుంటున్న కాలంలో, వాటిని సిమెంటుతో గోడకు పొదిగారు. విరిగిన పతకాలకు మిగతా వంపును సున్నపుపూతతో పూరించారు. ఆ రోజుల్లో అది మంచి ఆలోచనగానే తోచి ఉండాలి. రాళ్లు కిందపడవు, ఎవరూ ఎత్తుకుపోలేరు, గది నిండుగా ఉంటుంది. కనిపెట్టుకుని ఉండటం అంటే కదలకుండా కట్టేయడం అనుకున్న పద్ధతి అది. సిమెంటులో ఉప్పు ఉంటుంది. గోడలో చెమ్మ ఊరినప్పుడల్లా ఉప్పు కరిగి రాతిలోకి దిగుతుంది, ఆరినప్పుడల్లా పైకొచ్చి స్ఫటికం కడుతుంది. ఏటేటా అదే జరిగితే పైపొర పొడిపొడిగా రాలుతుంది. సముద్రం పక్క ఊళ్లో గోడలకు చెమ్మ కొరత ఉండదు. విప్పుదామంటే పట్టు వదలని సిమెంటు రాతిని చీల్చుతుంది. నూరేళ్ల కిందట ఒకరు చేసిన మేలును, ఇవాళ రాతికి దెబ్బ తగలకుండా ఎలా వెనక్కి తీయాలన్నది సంరక్షణ చేసేవారికి ఎదురయ్యే కష్టమైన చిక్కుల్లో ఒకటి. అందుకే ఈ వృత్తిలో ఇప్పుడు మొదట నేర్పేది, చేసిన ఏ పనినైనా రేపు ఇంకొకరు విప్పేలా చేయమని.

ఉప్పుకన్నా నన్ను బాధపెట్టేది వేరే ఉంది. గోడలో పొదిగిన రాతికి వెనకవైపు లేదు. అమరావతిలో పాత ఫలకాలను తిప్పి చెక్కుకోవడం ఒకటి రెండుచోట్ల జరిగిన సంగతి కాదు. లండన్ ఫలకానికి రెండు కాలాలున్నాయని మనకు తెలిసింది ఎవరో దాన్ని తిప్పి చూడగలిగారు కాబట్టి. మద్రాసు గోడల్లో ఎన్ని ఖాళీ ఆసనాలు, ఎన్ని బోధివృక్షాలు ఇటుకల వైపు ముఖం పెట్టుకుని ఉన్నాయో ఎవరు చెప్పగలరు? కనిపెట్టుకుని ఉండబోయి కనిపెట్టే దారి మూసేశారు.

గదులను మాత్రమే పక్కన పెట్టి చూస్తే ఇక్కడితో తీర్పు అయిపోతుంది, లండన్ గెలుస్తుంది. అలా ఆగడం అన్యాయం. క్యూరేటర్ పని గదిలోనే కాదు, పుస్తకంలోనూ ఉంటుంది. 1942లో మద్రాసు మ్యూజియం పురావస్తు విభాగంలో పనిచేస్తూ సి. శివరామమూర్తి వెలువరించిన అమరావతి శిల్పాల గ్రంథాన్నీ, 1992లో రాబర్ట్ నాక్స్ బ్రిటిష్ మ్యూజియం కోసం రాసిన గ్రంథాన్నీ నేను బల్ల మీద పక్కపక్కన తెరిచి పెట్టుకుంటాను.

నాక్స్ పుస్తకం పద్ధతిగా నడిచేది. ఒక్కొక్క ముక్కా స్తూపంలో ఏ భాగానిది, కొలతెంత, ఎక్కడ విరిగింది, ముందు ఎవరు ఏమన్నారు. వాస్తుశిల్పం చేత పట్టుకుని ముక్క నుంచి ముక్కకు తీసుకెళ్తుంది. మ్యూజియం కేటలాగుకు అది ఉండాల్సిన లక్షణం. రాయి పగిలిపోయినా, దొంగతనం జరిగినా, మంట అంటుకున్నా ఆ పుస్తకం సాక్ష్యం చెబుతుంది. దాని భాష మాత్రం ఎప్పుడూ రాతికి బయటే నిలబడి ఉంటుంది.

శివరామమూర్తి లోపలికి వెళ్తాడు. ఆయన సంస్కృత పండితుడు, చేయి తిరిగిన చిత్రకారుడు. శిల్పంలోని తలపాగా ఎన్ని రకాలు, ఆ నడికట్టు పేరేమిటి, ఆ వీణ ఆకారమేమిటి, రాజు కూర్చున్న పీఠం ఎలాంటిది, బండి చక్రం, కత్తి, కుండ, పల్లకీ. ఒక్కొక్కదాన్నీ గీతల్లో విడదీసి గీసి, దాని పేరు కావ్యాల్లోంచీ శాస్త్రాల్లోంచీ వెతికి తెచ్చి పక్కన పెట్టాడు. ఆ గీతబొమ్మల ముందు కూర్చుంటే అమరావతి ఊరు కదులుతుంది. రాతిలో గుంపుగా కనిపించినవారు దాదీ, ద్వారపాలకుడూ, చామరం వీచే పిల్లా, బజారు మనిషీ అయి విడివిడిగా నిలబడతారు. గీయడం అంటే చూడటమే, చేయి ఆగిన చోట కన్ను ఏం చూడలేదో తెలుస్తుంది. మన లలితకళల కళాశాలల్లో క్యూరేటర్ కావాలనుకునే పిల్లలకు నేనిచ్చే మొదటి సలహా ఇదే. ఫోటో తీయకముందు గీయండి, వంకరగా వచ్చినా గీయండి.

ఆయన కాలక్రమం విషయంలో తరవాతివారు ఒప్పుకోలేదు. అమరావతి శిల్పాలను ఆయన క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నుంచి క్రీస్తుశకం మూడో శతాబ్దం దాకా నాలుగు దశలుగా విభజించాడు. 1954లో డగ్లస్ బారెట్ లండన్ శిల్పాల మీద రాస్తూ ఆ లెక్కను మార్చాడు, ఆ చర్చ ఇంకా సాగుతూనే ఉంది. తేదీలు మారతాయి. తలపాగా పేరు తెలిసినవాడు చేసిన పని మారదు. నా మొగ్గు దాచుకోను. గది కట్టడంలో లండన్ మేలు, రాతిని చదవడంలో మద్రాసు మేలు. ఒక్క మనిషిలో ఈ రెండూ కలిస్తే చూడాలని నా ఆశ. వాస్తు, రసాయనం, దీపం తెలిసిన చేయి. ప్రాకృతం, పాళీ, సంస్కృతం, ఆ నేల భాష తెలిసిన చెవి. ఆ చెవి లేకుండా చేసిన అమరావతి గది ఎంత చల్లగా ఉన్నా మూగగానే ఉంటుంది.

ఈ రెండు గదుల మధ్య మూడో చోటు ఒకటుంది, అమరావతి. ఇక్కడ హెన్రీ హార్డీ కోల్ పేరు చెప్పుకోవాలి. 1880ల మొదట్లో ప్రభుత్వం ఆయనకిచ్చిన ఉద్యోగం పేరే ప్రాచీన కట్టడాల క్యూరేటర్. అంతకుముందు సాంచీ తూర్పు తోరణానికి అచ్చు తీయించి లండన్‌కు పంపినవాడు ఆయనే. అసలు రాళ్లు వాటి చోటనే ఉండాలి, మ్యూజియంలకు అచ్చులు చాలు అన్నది ఆయన పట్టు. అమరావతి రాళ్లను మద్రాసుకు తరలించడం ఆయనకు ఇష్టం లేదు. అప్పటికే ఆలస్యమైంది. 1880లో మద్రాసు గవర్నరు ఆజ్ఞతో దిబ్బనంతా తవ్వేశారు. ఆ తరవాత పురావస్తు పండితుడు జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి మిగిలింది గొయ్యి. తవ్వినవారు ఏ రాయి ఏ వైపు, ఏ లోతున దొరికిందో రాసిపెట్టలేదు. ఒక రాతి చోటు ఒకసారి పోతే ఏ లాబొరేటరీ తిరిగి ఇవ్వలేదు.

అందుకే మెకంజీ చిత్రాలు అంత విలువైనవి. బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఆ కాగితాల్లో, తరవాత సున్నపుబట్టీలకూ కొత్త ఇళ్లకూ పోయిన రాళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి. మెకంజీ సేకరణల వెనక ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య ఉన్నారు. గ్రామ కరణాలతో, పూజారులతో మాట్లాడి, ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫీయతులు పోగుచేసి, శాసనాలు చదివి ఆయనకు దారి చూపిన తెలుగువాళ్లు. క్యూరేటర్ల చరిత్ర ఎవరైనా తెలుగులో రాస్తే మొదటి పేజీ వాళ్లకివ్వాలి.

చోటు రాసిపెట్టడం ఎంత పనికొస్తుందో మన కాలంలోనే తెలిసింది. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం నుంచి దొంగలు ఎత్తుకుపోయిన ఫలకం ఒకటి చేతులు మారి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది. ఆ గ్యాలరీ 2005లో దాన్ని కొన్నది, 2016లో భారతదేశానికి తిరిగి ఇచ్చింది. తిరిగి రావడానికి కారణం పాత ఫోటో. అది చందవరంలో ఉన్నట్టు చూపే ఫోటో భద్రంగా ఉండబట్టి మాటకు బలం వచ్చింది. కొనేముందు ఈ రాయి నిన్న ఎక్కడుంది, మొన్న ఎక్కడుంది అని అడిగి, జవాబు దొరికేదాకా సంతకం పెట్టని మొండితనం కూడా ఈ వృత్తికి కావాల్సిన నేర్పే. పరీక్షల్లో దాన్ని అడగరు.

2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జాన్ గై చేసిన ప్రదర్శన గురించి కూడా ఒక మాట. ఫెర్గూసన్ 1868 పుస్తకం పేరులోని చెట్టూ పామూ ఆ ప్రదర్శన పేరులోకి వచ్చాయి. సూర్యాపేట జిల్లా ఫణిగిరి తోరణపు అడ్డదూలం మన పురావస్తుశాఖ నుంచి అరువుగా సముద్రం దాటి వెళ్లి, తిరిగి వచ్చింది. రెండువైపులా చెక్కడమున్న రాయి అది. పంపేముందు ప్రతి బీటనూ ప్రతి పెచ్చునూ రాసుకుని, ఫోటోలు తీసి, అక్కడ పెట్టె విప్పాక మళ్లీ సరిచూసుకునే పని మ్యూజియంవాళ్లు మాత్రమే ఎరుగుదురు. ఎలియట్ రాళ్లు ఓడెక్కిన తీరుకూ దీనికీ మధ్య ఉన్న దూరమే ఈ వృత్తి నడిచిన దూరం. ఆ ప్రదర్శన తరవాత సియోల్‌లోని కొరియా నేషనల్ మ్యూజియంకు వెళ్లింది. అమరావతికి గానీ హైదరాబాదుకు గానీ రాలేదన్న వెలితి నాకుంది.

చిన్నప్పుడు అమరేశ్వరుడి గుడికి వెళ్లినప్పుడల్లా మా అమ్మమ్మ ఆ దిబ్బ దగ్గరికీ తీసుకెళ్లేది. పచ్చిక, గుండ్రటి కట్టు, అక్కడక్కడా నిలిపిన రాళ్లు. ఇక్కడ ఏముండేది అమ్మమ్మా అని అడిగితే చాలా ఉండేదట అని మాత్రం చెప్పేది. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోని పూర్ణఘటం అమరావతి శిల్పం చలవే. ప్రతి ప్రభుత్వ కాగితం మీదా దాన్ని చూస్తాం, దాని అసలు రాళ్లు ఎన్ని ఊళ్లలో ఉన్నాయో చెప్పే పటం ఒక్కటీ ఆ దిబ్బ దగ్గర నాకు కనబడలేదు. లండన్‌లో ఏమున్నాయి, మద్రాసులో ఏమున్నాయి, పారిస్ గిమే మ్యూజియంలో, కలకత్తాలో, ఢిల్లీలో ఏమున్నాయి, ఏ ముక్క ఈ వలయంలో ఏ వైపుది కావచ్చు అని చెప్పే ఒక్క గోడ చాలు. రాళ్లు వెనక్కి వచ్చేదాకా ఆగక్కర్లేని పని అది.

చీటీల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. చీటీ రాయడం ఈ వృత్తిలో అన్నిటికన్నా చిన్న పని, అన్నిటికన్నా కష్టమైనదీ అదే. యాభై మాటల్లో, నిలబడి చదివే మనిషికి, తెలిసింది చెప్పాలి, తెలియంది దాచకూడదు. మద్రాసు గోడలోని ఒక ఫలకానికి చీటీ రాయమని ఎవరైనా నన్నడిగితే తెలుగులో ఇలా రాస్తాను:

పాలనాటి సున్నపురాయి. అమరావతి మహాస్తూపం నుంచి. క్రీస్తుశకం రెండో శతాబ్దం. స్తూపంలో ఏ వైపు నిలిచిందో తెలియదు, తవ్వినవారు రాసిపెట్టలేదు. 19వ శతాబ్దంలో మద్రాసుకు తెచ్చారు. 1880ల నుంచి ఈ గోడలో ఉంది. వెనకవైపు: ఇంకా చూడలేదు.